కస్టమర్ ఇచ్చే టిప్పు సేల్స్‌గర్ల్ తీసుకోవచ్చా? దసరా మామూళ్ల నుంచి క్యూఆర్ కోడ్ దాకా.. రూల్స్ ఏం చెబుతున్నాయంటే!

నర్సీపట్నం: పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నర్సీపట్నం అబీద్ సెంటర్ చుట్టుపక్కల బట్టల షాపుల్లో కాలు పెట్టే చోటుండదు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, మాకవరపాలెం నుంచి ఆటోల్లో, చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి ఆర్టీసీ బస్సుల్లో కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. ఒక్కో ఫ్యామిలీ రెండు మూడు గంటలు కూర్చుని నలభై, యాభై చీరలు విప్పించి చూస్తుంది. అవన్నీ విప్పి చూపించేది, నచ్చనివి మళ్లీ మడత పెట్టేది కౌంటర్ వెనకాల నిలబడ్డ సేల్స్‌గర్లే. బిల్లు కట్టేసి వెళ్తూ వెళ్తూ ఇంటి పెద్దావిడ ఆ అమ్మాయి చేతిలో రూ.100 నోటు పెట్టి, "ఉంచు తల్లీ, పొద్దుట్నుంచీ మాతోనే సరిపోయింది నీకు" అంటుంది.

ఇప్పుడా అమ్మాయి ఏం చేయాలి?

వద్దంటే పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుంది. తీసుకుంటే ఓనర్ ఏమంటాడో తెలీదు. పైన సీసీ కెమెరా ఉంది. సాయంత్రం గల్లా లెక్కలో వంద రూపాయలు తేడా వచ్చిందనుకోండి, వంద నోటు పర్సులో పెట్టుకుంటూ కెమెరాలో కనిపించిన మనిషి మీదకే మొదటి అనుమానం వెళ్తుంది. నెల జీతంతో ఇల్లు గడుపుకునే అమ్మాయికి ఆ నోటు కంటే ఉద్యోగం, అంతకంటే ముందు పరువు ముఖ్యం. చూడ్డానికి చిన్న విషయమే. కానీ దీనివల్ల పని పోగొట్టుకునేవాళ్లు కూడా ఉంటారు. అందుకే షాపుల్లో టిప్పులు, కానుకల మీద రూల్స్ ఏం చెబుతున్నాయో ఒకసారి చూద్దాం.

చట్టంలో ఏముంది?

ప్రైవేటు షాపులో పనిచేసే వ్యక్తి కస్టమర్ ఇష్టపడి ఇచ్చిన టిప్పు తీసుకోవడం నేరం కాదు. అలాగని టిప్పుల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టమూ లేదు. ఉన్నవన్నీ హోటళ్ల కేసుల్లో వచ్చిన తీర్పులు, ఆదేశాలే. వాటి నుంచే షాపులకు పనికొచ్చే సంగతులు ఏరుకోవాలి.

మొదటిది జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ హోటల్ కేసు. 1976లో జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న సుప్రీంకోర్టు బెంచ్ ముందుకు వచ్చింది. కస్టమర్ సిబ్బంది కోసమని ఇచ్చిన డబ్బు యాజమాన్యం సొమ్ము కాదు, వాళ్ల చేతి మీదుగా వర్కర్లకు వెళ్లాల్సిన సొమ్ము అన్నది అందులో తేలిన సారాంశం. రెండోది 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఐటీసీ కేసు. కార్డుతో బిల్లు కట్టినప్పుడు అందులో కలిపి ఇచ్చిన టిప్పును హోటల్ తర్వాత సిబ్బందికి పంచుతుంది. మరి అది జీతమా? కాదని సుప్రీంకోర్టు చెప్పింది. టిప్పు ఇచ్చేది యజమాని కాదు, కస్టమర్. కాబట్టి దాని మీద హోటల్ టీడీఎస్ కోయక్కర్లేదు. తీసుకున్నవాళ్ల చేతిలో మాత్రం అది 'ఇతర ఆదాయం' కిందకు వస్తుంది. ఇన్‌కం ట్యాక్స్ మాట వినగానే కంగారు పడక్కర్లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి రూ.12 లక్షల ఆదాయం దాకా పన్ను కట్టే పని లేదు. నర్సీపట్నంలో సేల్స్ కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లకు ఆ బెంగ ఎలాగూ ఉండదు.

మూడోది ఈ మధ్యది. హోటళ్లు బిల్లులోనే సర్వీస్ చార్జి వేసేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అదే ఏడాది మే నెలలో ఉబర్ యాప్‌లో 'అడ్వాన్స్ టిప్' మీద రచ్చ అయింది. ముందే టిప్పు ఇస్తే బండి తొందరగా దొరుకుతుందన్నట్టు యాప్ అడగడమేంటని కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి తప్పుపట్టారు, సీసీపీఏ నోటీసు ఇచ్చింది. టిప్పు అనేది పని అయ్యాక మెచ్చుకోలుగా ఇచ్చేది, పని కావడానికి ముందు అడిగేది కాదు అన్నదే అక్కడి పాయింట్.

షాపుకి కూడా ఇదే అసలు గీటురాయి. కాకపోతే షాపులో వ్యవహారం హోటల్ కంటే కాస్త చిక్కు.

హోటల్లో టిప్పు వేరు, షాపులో టిప్పు వేరు

హోటల్లో తినడం అయిపోయాక టిప్పు ఇస్తాం. ఇడ్లీ ఎంతకి, ఎన్ని అనేవి ముందే తేలిపోయాయి. సర్వర్ చేతిలో మార్చడానికి పెద్దగా ఏమీ లేదు. షాపులో అలా కాదు. సేల్స్‌మన్ చేతిలో కొలబద్ద ఉంది, కాటా ఉంది, డిస్కౌంట్ ఉంది. ఆఫర్ చీర కౌంటర్ కింద దాచి ఉంచే వీలుంది. స్టాక్ తక్కువగా ఉన్న సరుకు ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పే మాట ఉంది. ఇవన్నీ ఓనర్‌వో, లేదంటే వెనకాల లైన్లో నిలబడ్డ ఇంకో కస్టమర్‌వో.

మన షాపుల్లో 'కొసరు' అనే మంచి పద్ధతి ఉంది. కిలో తూచాక గుప్పెడు పైన వేస్తారు, మీటరు కొలిచాక నాలుగు వేళ్లు వదిలి కోస్తారు. షాపువాళ్లు కస్టమర్‌కి ఇచ్చే టిప్పు అనుకోండి. అయితే కొసరు వేసే హక్కు సరుకు ఎవరిదో వాళ్లది. రూ.50 చేతిలో పడిందని పనివాడు అర మీటరు గుడ్డ ఎక్కువ కోస్తే అది కొసరు కాదు, ఓనర్ సొమ్ము ఇద్దరూ కలిసి పంచుకున్నట్టు. కేసు దాకా వెళ్తే భారతీయ న్యాయ సంహిత 316(4) ఉంది. గుమాస్తాగానో, పనివాడిగానో తన చేతికి అప్పగించిన సొమ్మును దుర్వినియోగం చేస్తే ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అర మీటరు గుడ్డకి అంతా? అనిపించొచ్చు. చాలా షాపుల్లో వ్యవహారం స్టేషన్ దాకా వెళ్లదు, పనిలోంచి తీసేయడంతో ఆగిపోతుంది. కానీ ఆ మాట ఊళ్లో మిగతా షాపులకి తెలిసేసరికి ఇంకో చోట పని దొరకడం కష్టమే. నర్సీపట్నం ఏమంత పెద్ద ఊరు కాదు కదా.

కాబట్టి టిప్పు తీసుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ డబ్బు రాకపోయినా నేను ఈ కస్టమర్‌కి ఇంతే చేసేవాడినా? అవును అనుకుంటే అది టిప్పు. కాదంటే దానికి వేరే పేరు ఉంది.

ఆ పేరే మామూలు. నిజానికి ఈ మాటకి మొదట్లో చెడ్డ అర్థమేమీ లేదు. 'ఎప్పుడూ జరిగేది, అలవాటైనది' అనే. దసరాకి పోస్ట్‌మన్, చాకలి, మంగలి, ఇంటికి సరుకు మోసుకొచ్చే షాపు కుర్రాడు వచ్చి 'దసరా మామూలు' అడిగేవాళ్లు, ఇళ్లలో సంతోషంగా ఇచ్చేవాళ్లు. ఒకప్పుడు బడి పంతుళ్లు కూడా పిల్లల చేతికి విల్లంబులిచ్చి, పాటలు పాడిస్తూ ఇంటింటికీ తిప్పేవాళ్లు. పంతులుగారికి కానుక, పిల్లలకి పప్పు బెల్లాలు దక్కేవి. ఇప్పుడు 'మామూళ్లు' అంటే ఎవరికైనా గుర్తొచ్చేది లంచమే. ఇష్టంగా ఇచ్చింది అలవాటైంది, అలవాటు హక్కయింది, హక్కు చివరికి రేటయింది. టిప్పు విషయంలో భయపడాల్సింది కూడా దీని గురించే.

గ్యాస్ బండ, యూరియా బస్తా.. అడిగి తీసుకుంటే?

గ్యాస్ బండ సంగతే తీసుకోండి. రశీదు మీద ఒక ధర ఉంటుంది, డెలివరీ కుర్రాడు దానిపైన ఇంకో ముప్పయ్యో యాభయ్యో అడుగుతాడు. మూడో అంతస్తుకి భుజం మీద మోసుకొచ్చిన మనిషికి మీరే ఇష్టపడి ఇస్తే ఎవరూ కాదనరు. కానీ ఇవ్వకపోతే 'వచ్చేసారి లేటవుద్ది' అనే మాట వచ్చిందంటే అది టిప్పు కాదు. దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితంగా తీసుకునే ఇళ్లకి ఇది ఇంకాస్త నొప్పి. 2024 నవంబర్‌లో మొదలైన ఈ పథకంలో ముందు డబ్బు కట్టాలి, తర్వాత ప్రభుత్వం ఖాతాలో వేస్తుంది. వెనక్కి వచ్చేది రశీదు మీద ఉన్న సొమ్మే. కుర్రాడికి ఇచ్చిన యాభై రాదు. ఉచితం అన్న బండకి ఆ యాభై ఖర్చు అలాగే మిగిలిపోతుంది.

ఇంకా గట్టి ఉదాహరణ యూరియా. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం రైతులు తెల్లవారకముందే చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డ దృశ్యాలు అందరూ చూసినవే. 45 కిలోల బస్తా రేటు రూ.266.50. ధరను ప్రభుత్వమే కట్టడి చేసిన సరుకు ఇది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు, ధరల బోర్డు షాపు బయట కనపడేలా పెట్టాలి. అలాంటి రోజుల్లో ఎరువుల షాపు గుమాస్తా చేతిలో రెండొందలు పెట్టి "మన బస్తాలు పక్కన పెట్టు బాబూ" అన్న రైతు తన అవసరం కొద్దీ అంటాడు. తీసుకున్న గుమాస్తాకి అది రెండొందలే. కానీ లైన్లో చివర నిలబడి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లినవాడి పొలంలో వరి ఎర్రబడుతుంది. ఇది టిప్పు అవుతుందా అని చర్చ పెట్టక్కర్లేదు.

చిల్లర సంగతి కూడా ఇదే బాపతు. "మూడు రూపాయలు చిల్లర లేదండీ" అని చాక్లెట్ చేతిలో పెట్టడం, లేదా అసలేమీ పెట్టకపోవడం కస్టమర్ ఇచ్చిన టిప్పు కాదు, షాపు ఉంచేసుకున్న బాకీ. ప్యాకెట్ సరుకుని ఎంఆర్‌పీకి మించి అమ్మకూడదని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ స్పష్టంగా చెబుతున్నాయి. 'కూలింగ్ చార్జి' అన్నా, 'టీ ఖర్చులు' అన్నా అదే రూల్.

సర్కారీ కౌంటర్ అయితే కథ వేరు

నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి చింతపల్లి వైపు వెళ్తే గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, డీఆర్ డిపోలు కనిపిస్తాయి. 1956లో పెట్టిన ఈ సంస్థే గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటుంది, వాళ్లకి బియ్యం, నిత్యావసరాలు అమ్ముతుంది. అక్కడ కౌంటర్ వెనకాల ఉన్న ఉద్యోగి చేసేదీ అమ్మకమే. కానీ చట్టం దృష్టిలో ప్రభుత్వ సంస్థ ఉద్యోగి 'పబ్లిక్ సర్వెంట్'. తన డ్యూటీ చేసినందుకు జీతం కాకుండా ఇంకేదైనా తీసుకుంటే అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7 వర్తిస్తుంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాళ్లకి కూడా శిక్ష ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే దాన్నుంచి బయటపడొచ్చు.

మరి కొండ మీద నుంచి దిగిన మనిషి ప్రేమతో తెచ్చే గంప సీతాఫలాల సంగతి? టౌన్‌లో ప్రైవేటు షాపుకి పాత కస్టమర్లు పనసకాయో, కాస్త పసుపో తెచ్చి ఇవ్వడం కొత్తేమీ కాదు. వద్దని తిప్పి పంపితే అవమానంగా అనుకుంటారు. అలాంటివి తీసుకోవడంలో తప్పు లేదు. కాకపోతే ఓనర్‌కి చెప్పి, అందరూ తలా ఒకటి పంచుకుంటే బాగుంటుంది. పండుకి పండు సంతోషమే తప్ప రేటు ఉండదు కాబట్టి దాంతో పెద్దగా ఎవరూ ఎవర్నీ కొనలేరు.

పెద్ద కంపెనీలు దీనికి గీత ఎక్కడ గీశాయో చూస్తే ఓనర్లకీ ఉపయోగం. టాటా గ్రూపు ప్రవర్తనా నియమావళి వ్యాపార సంబంధాల్లో చిన్నపాటి కానుకలను ఒప్పుకుంటుంది. నగదు, బంగారం మాత్రం ఎప్పుడూ తీసుకోకూడదంటుంది. అందులో ఇంకో మాట ఉంది. ఈ కానుక సంగతి పదిమందికీ తెలిస్తే ఇచ్చినవాళ్లకి గానీ, కంపెనీకి గానీ ఇబ్బంది కాకూడదు. టౌన్‌లో పది మంది పనిచేసే షాపుకి కూడా ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. ఇక వాల్‌మార్ట్ అయితే సరఫరాదారుల దగ్గర అసలేమీ తీసుకోవద్దంటుంది. మన దగ్గర మొబైల్ షాపుల్లో, పురుగుమందుల షాపుల్లో కంపెనీలిచ్చే కూపన్లు, గిఫ్టులు, టూర్లు చూస్తే ఆ రూల్ ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. కస్టమర్ ఇచ్చే వంద కంటే కంపెనీ ఇచ్చే గిఫ్టే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే ఆ గిఫ్టు ఖరీదు చివరికి పడేది ఏమీ తెలియకుండా ఆ ఫోనో, మందు డబ్బానో కొన్న కస్టమర్ మీదే.

గిఫ్ట్ వెనకాల ఫోన్ నంబర్ అడిగితే..

సేల్స్‌గర్ల్స్‌కి ఇంకో చిక్కు ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వారానికి రెండుసార్లు వచ్చి, అవసరం లేకపోయినా ఏదో ఒకటి కొని, స్వీట్ బాక్సో, సెంటు బాటిలో చేతిలో పెట్టి "నంబర్ ఇవ్వవా" అనే కస్టమర్. ఇక్కడ కానుక తీసుకోవాలా వద్దా అనేది ఆ అమ్మాయి ఒక్కదాని తలనొప్పి కాకూడదు. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం సెక్షన్ 19 ప్రకారం, షాపుకి వచ్చే బయటివాళ్ల నుంచి కూడా సిబ్బందికి రక్షణ కల్పించాల్సింది యజమానే. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న షాపైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లొచ్చు, నర్సీపట్నం వాళ్లకైతే అది అనకాపల్లి జిల్లాది. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. "పెద్ద కస్టమర్, కాస్త నవ్వుతూ మాట్లాడు" అని ఓనరే చెబితే, అది వ్యాపారం కాదు, చట్టం ఆయన మీద పెట్టిన బాధ్యతని గాలికి వదిలేయడం.

టిప్పు ఉంది కదా అని జీతం తగ్గిస్తే?

అసలు ప్రశ్న ఇక్కడుంది. జీతం సరిపోయేలా ఉంటే ఆ వంద నోటు దగ్గర ఇంత తర్జనభర్జన ఉండేది కాదు. షాపులు, వాణిజ్య సంస్థల ఉద్యోగులకు ఆంధ్రప్రదేశ్‌లో కనీస వేతనాలు ఉన్నాయి, వాటి మీద డీఏ ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో సవరిస్తారు. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ కూడా అమల్లోకి వచ్చింది. కనీస వేతనం ఇవ్వాల్సింది యజమాని. కస్టమర్లు ఇస్తున్నారు కదా అని ఆ మేరకు తగ్గించే ఏర్పాటు మన చట్టంలో లేదు.

అమెరికాలో అలాంటి ఏర్పాటు ఉంది. అక్కడ టిప్పులొచ్చే ఉద్యోగాలకి ఫెడరల్ కనీస వేతనం గంటకి 2.13 డాలర్లే, 1991 నుంచి పెంచలేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు. మిగతాది కస్టమర్ల టిప్పుల నుంచి రావాలి, రాకపోతేనే యజమాని సర్దాలి. చాలా రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ పెట్టుకున్నాయి గానీ, టిప్పు లేకపోతే ఇల్లు గడవని పరిస్థితి ఇలాగే వచ్చింది. చివరికి కాఫీ కప్పు చేతికిచ్చే కౌంటర్ దగ్గర కూడా స్క్రీన్ తిప్పి టిప్పు శాతం అడుగుతున్నారని అక్కడున్న మనవాళ్లు విసుక్కుంటుంటారు. ఇక్కడ టిప్పు ఆనందంగా ఇచ్చే వంద రూపాయల దగ్గరే ఆగాలంటే, జీతం లెక్కలోకి అది రాకుండా ఓనర్లే చూసుకోవాలి.

టిప్పులు నిషేధించే ఓనర్లు ఇంకో విషయం కూడా ఆలోచించాలి. రోజంతా నిలబడే సేల్స్‌గర్ల్స్ కూర్చోవడానికి స్టూల్ వేయాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. వంద రూపాయలు తీసుకోవద్దని గోడ మీద రాసిన షాపులో కనీసం ఆ స్టూల్ ఉందా?

వచ్చిన టిప్పు ఎవరిది?

ఇచ్చిన మనిషి ఫలానా అమ్మాయికే ఇచ్చారు కాబట్టి ఆ అమ్మాయిదే అనేది సులువైన సమాధానం. కానీ పై అంతస్తు నుంచి కట్టలు దింపిన కుర్రాడు, విప్పిన చీరలు సర్దిన హెల్పర్, ఊడ్చే ఆవిడ కస్టమర్‌కి కనిపించరు. అందుకే కొన్ని చోట్ల గల్లా పక్కన ఒక డబ్బా పెట్టి, వచ్చిందంతా అందులో వేసి, నెలాఖరుకి పంచుకుంటారు. గొడవలు తక్కువ, అనుమానాలు తక్కువ. తాళం ఓనర్ దగ్గరే కాకుండా సిబ్బందిలో ఒకరి దగ్గర కూడా ఉంటే ఇంకా మేలు. బ్రిటన్‌లో అయితే టిప్పుల్లో యజమాని వాటా తీసుకోకూడదని, న్యాయంగా పంచాలని చట్టమే ఉంది, 2024 అక్టోబర్ 1 నుంచి అమలవుతోంది. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి డబ్బా రూల్ ముందే మాట్లాడుకోవాలి.

ఇంకో కొత్త సమస్య ఫోన్‌పే. కస్టమర్ దగ్గర నోటు లేక "నీ నంబర్ చెప్పమ్మా, యాభై వేస్తా" అంటున్నారు. ఇది నోటు కంటే ప్రమాదం. సొంత నంబర్‌కి డబ్బు వేయించుకున్న రికార్డు తేదీ, టైముతో సహా ఉండిపోతుంది. రేపు ఏదైనా తేడా వస్తే 'షాపు డబ్బే నీ ఖాతాలో వేయించుకున్నావు' అనే మాట పడుతుంది. ఇలాంటప్పుడు "డబ్బాలో వేసే వీలుంటే వేయండి అమ్మగారూ, లేకపోతే పర్లేదు" అని నవ్వి ఊరుకోవడమే మంచిది. తీసుకోక తప్పకపోతే అప్పటికప్పుడే క్యాషియర్‌కి చూపించాలి. కౌంటర్ మీద షాపు క్యూఆర్ స్టిక్కర్ పక్కనే సొంత స్టిక్కర్ అంటించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

బిల్లు మీద ఉన్నదానికంటే ఎక్కువ అడిగితే కస్టమర్లు నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వ సంస్థ కౌంటర్‌లో లంచం అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1064.